ఇంట్లోకి వచ్చే ప్లాస్టిక్‌ను తగ్గించుకోవడం ఎలా?

ప్లాస్టిక్ వాడకం తగ్గించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే పాఠకులు ఈమధ్య ఎక్కువయ్యారు. వారిలో చాలామంది ఆ వెంటనే వేసే రెండో ప్రశ్న, ఏ రకం స్టీలు డబ్బాలు కొనాలి అన్నది. నిజానికి రెండో ప్రశ్న జోలికి వెళ్లకుండానే మొదటిదానికి జవాబు చెప్పవచ్చు. ఒక ఇంట్లోకి ప్లాస్టిక్ వచ్చే దారులు పట్టుమని పది కూడా ఉండవు: పాలు, కూరగాయలు, కిరాణా, కర్రీ పాయింటు, మాంసం దుకాణం, నీళ్ల సీసాలు, స్నానాల గది సామాను, అప్పుడప్పుడు వచ్చే శుభకార్యాలు. కవరు ఇంట్లోకి వచ్చాక దాన్ని ఏం చేయాలని ఆలోచిస్తే దొరికే ఉపాయాలు తక్కువ. కొనే చోట, అది చేతికి రాకముందే ఆపడం చాలా తేలిక. అందువల్ల ఈ వివరణ అంతా కొనుగోలు సమయం చుట్టూనే తిరుగుతుంది.

పట్టణంలో నివసించే నలుగురు సభ్యుల కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ మెట్లు రాశాను. పల్లెలో ఉండేవారికి పాలు, కూరగాయల సంగతి ఇంకా సులువు కాబట్టి వారు ఆ భాగాలను దాటవేయవచ్చు.

కావలసినవి

వీటిలో చాలా వరకు మీ ఇంట్లోనే ఉంటాయి. ముందు అటకమీద వెతికి, దొరకని వాటినే కొనండి.

- గట్టి గుడ్డ సంచులు నాలుగు. పాత దుప్పటితోనో, జీన్స్ ప్యాంటుతోనో కుట్టించినవి కొత్తవాటికంటే ఎక్కువ కాలం మన్నుతాయి.
- పాత పంచెతో గానీ నూలు చీరతో గానీ కుట్టించిన, నోటి దగ్గర తాడు ఉన్న పలుచని చిన్న సంచులు ఆరు.
- మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు మూడు. వీటిలో ఒకదాన్ని మాంసానికి, చేపలకు మాత్రమే కేటాయించాలి.
- మూడు గిన్నెల క్యారియర్ ఒకటి.
- మనిషికి ఒక స్టీలు నీళ్ల సీసా.
- పచ్చళ్లు, కాఫీ పొడి, తేనె వంటివి కొన్నప్పుడు వచ్చిన ఖాళీ గాజు సీసాలు ఎన్ని ఉంటే అన్ని.
- వేలాడదీసి తూచే చిన్న కాటా. ప్రయాణపు పెట్టెల బరువు చూసుకునేది ఉంటే అదే సరిపోతుంది.
- ఒక ఖాళీ బియ్యం సంచి.

1. వారం రోజులు ఏమీ మార్చకుండా లెక్క తీయండి

ఇంట్లోకి వచ్చిన ప్రతి ప్లాస్టిక్ వస్తువునూ వాడేసిన తరువాత కడిగి, ఆరబెట్టి, బియ్యం సంచిలో వేస్తూ పోండి. కడగకుండా వేస్తే మూడో రోజుకే వాసన వచ్చి, ఇంట్లోవాళ్లు ఈ పనిని అక్కడితో ఆపించేస్తారు. ఆదివారం నాడు సంచిని పాత వార్తాపత్రిక మీద కుమ్మరించి కుప్పలుగా విడదీయండి: పాలు, పెరుగు ప్యాకెట్లు ఒక కుప్ప, కూరగాయల పలుచని కవర్లు ఒక కుప్ప, పప్పులు, పిండ్లు, నూనెల ప్యాకెట్లు ఒకటి, కర్రీ పాయింటు, టిఫిను కవర్లు, డబ్బాలు ఒకటి, చిప్సు, బిస్కెట్ల రేపర్లు ఒకటి, సీసాలు ఒకటి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సరుకుల ప్యాకింగు మరొకటి.

ఒక్కో కుప్పలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎంత బరువు ఉందో తూచి, రెండు అంకెలనూ క్యాలెండరు మీద రాసుకోండి. కవర్లు దాదాపు బరువే ఉండవు కాబట్టి తూకం ఒక్కటే చూస్తే మోసపోతారు. నాలుగు నీళ్ల సీసాలు కాటా మీద డజను కవర్ల కంటే పెద్ద సమస్యగా కనిపిస్తాయి. సంఖ్య ఒక్కటే చూసినా అంతే, అది వైపు మారి మోసం చేస్తుంది.

ఇంటి బయట వాడినవి ఈ సంచిలోకి రావని గుర్తుంచుకోండి. ఆఫీసులో తాగిన టీ కప్పులు, బస్టాండులో కొన్న నీళ్ల సీసాలు, బండి దగ్గర తిన్న టిఫిను ప్లేట్లు విడిగా రాసుకోవాలి. రోజుకు మూడు టీలు తాగే ఉద్యోగికి ఇంటి కుప్ప కంటే ఈ జాబితాయే పొడవుగా తేలినా ఆశ్చర్యం లేదు.

లెక్క పూర్తయ్యాక పెద్దవిగా తేలిన రెండు కుప్పలను ఎంచుకుని, కింద వాటికి సంబంధించిన మెట్లను మాత్రమే మొదటి నెలలో అమలు చేయండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన ఇళ్లలో రెండో వారానికల్లా అన్నీ ఆగిపోవడం మామూలే.

2. ఉన్న ప్లాస్టిక్‌ను పారేయకండి

వంటింట్లోని ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి, వాటి స్థానంలో గాజువీ స్టీలువీ వరుసగా పేర్చడం చూడటానికి బాగానే ఉంటుంది. అయితే అలా చేస్తే తగ్గేది ఏమీ లేదు, పదేళ్లు పనికివచ్చే డబ్బా ఈరోజే చెత్తలోకి వెళుతుంది. ఉన్నవాటి స్థానం మార్చండి, చాలు. పప్పులు, శనగలు, ఎండుమిరపకాయలు వంటి పొడి సరుకులను ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఉంచి, నూనె, పచ్చళ్లు, వేడి పదార్థాలను స్టీలులోకి, గాజులోకి, జాడీలోకి మార్చండి.

డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 1 అంటే నీళ్లు, శీతల పానీయాల సీసాల రకం. ఇందులో వేడివి పోయకూడదు. 5 అంటే పాలీప్రొపిలీన్. పొడి సరుకులకు నిశ్చింతగా వాడవచ్చు. 3 లేదా 6 ఉన్నదాన్ని ఆహారానికి వాడకుండా మేకులకో, దారం ఉండలకో కేటాయించండి. పగుళ్లు వచ్చినవాటిని, లోపల గీతలు పడి పసుపు మరక వదలనివాటిని మాత్రం పాత సామాను కొనేవారికి ఇచ్చేయండి.

3. సంచి ఎక్కడ ఉందో చూసుకోండి

గుడ్డ సంచులు లేని ఇల్లు లేదు. అవి కొనే వేళకు చేతిలో ఉండవు, అంతే. ఒకటి చెప్పుల స్టాండు పైన మేకుకు, ఒకటి స్కూటరు డిక్కీలో, ఒకటి మడతపెట్టి ఆఫీసు బ్యాగులో, ఒకటి ఉతుకులో ఉండేలా చూసుకోండి. సరుకులు సర్దడం అయిన మరుక్షణం ఖాళీ సంచి మళ్లీ తన మేకుకు చేరాలి. వంటింట్లో ఆగిపోతే మరుసటి రోజు కవరు తప్పదు.

4. కూరగాయలు, ఆకుకూరలు

రైతుబజారులో గానీ బండి దగ్గర గానీ, అమ్మేవారు కవరు చింపకముందే "కవరు వద్దు, ఇందులో వేయండి" అని సంచి తెరిచి పట్టుకోండి. ఒకసారి కవరులో వేశాక దాన్ని సంచిలో కుమ్మరించి వెనక్కి ఇస్తే చాలా సందర్భాల్లో అది నేలమీదికే పోతుంది. దుంపలు, ఉల్లిపాయలు, దోసకాయలు ముందుగా, వంకాయలు, బెండకాయలు ఆ తరువాత, టమాటాలు అన్నిటికంటే చివర కొంటే ఒకే సంచిలో ఏదీ నలగదు. అంగడిలో తిరిగే వరుసను కొద్దిగా మార్చుకోవడమే ఇందులో ఉన్న కష్టం. పచ్చిమిరపకాయలు, అల్లం, నిమ్మకాయల వంటివి తాడు ఉన్న చిన్న సంచుల్లో వేయించుకోండి.

2022 డిసెంబరు 31 నుంచి మన దేశంలో 120 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు నిషేధం. చేత్తో పట్టుకుంటే గరగరమని, వేలు పెడితే చిరిగిపోయే కవర్లు ఆ మందానికి దరిదాపుల్లో కూడా ఉండవు. అమ్మేవారితో వాదన పెట్టుకోమని దీని అర్థం కాదు. మీరు కవరు వద్దనడం వారికీ లాభమే, ఎందుకంటే ఆ కవర్లకు డబ్బు పెట్టేది వారే.

కవరు మానేసినవారు తరచూ చేసే ఫిర్యాదు, ఫ్రిజ్‌లో ఆకుకూరలు వాడిపోతున్నాయి అన్నది. ఫిర్యాదు నిజమే, ఎందుకంటే ఫ్రిజ్ గాలికి తేమ త్వరగా ఆరిపోతుంది. కొత్తిమీర, పుదీనా కట్టలను విప్పి, కుళ్లిన ఆకులు ఏరేసి, వేళ్లు కత్తిరించండి. కడగకండి. నూలు గుడ్డను తడిపి, ఒక్క చుక్క కూడా కారనంతగా పిండి, అందులో వదులుగా చుట్టి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. గుడ్డ మరీ తడిగా ఉంటే ఆకు నల్లబడి జిగురు వస్తుంది, పూర్తిగా పొడిగా ఉంటే వాడిపోతుంది. రెండు రోజులకొకసారి చేత్తో తాకి చూసి, ఆరిపోయి ఉంటే మళ్లీ నీళ్లు చిలకరించండి. కరివేపాకును రెబ్బల నుంచి దూసి, నీడన ఆరనిచ్చి, గాజు సీసాలో పెడితే సరిపోతుంది.

సూపర్ మార్కెట్టులో ప్రతి కూరగాయకూ కవరు, కవరు మీద ధర చీటీ తప్పనిసరి అంటారు. మీ చిన్న సంచి మీదే చీటీ అంటించమని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడ కూరగాయలు కొనడం మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

5. కిరాణా సరుకులు

అన్ని మెట్లలోనూ ఎక్కువ ఓపిక కావలసింది దీనికే. చిల్లరగా తూచి అమ్మే దుకాణం మీ పేటలో ఒకటైనా ఉంటుంది. ముందు దాన్ని గుర్తించండి. నెల మొదటివారంలో రద్దీ ఎక్కువ కాబట్టి, రెండో వారంలో మధ్యాహ్నం పూట వెళ్లండి. నాలుగు రకాలతో మొదలుపెట్టండి: కందిపప్పు, మినప్పప్పు, పంచదార, బొంబాయి రవ్వ.

డబ్బా తీసుకువెళితే దాని బరువు తీసేయించుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటా అయితే ఖాళీ డబ్బాను మూతతో సహా పెట్టి, టేర్ అన్న మీట నొక్కించి, సున్నా కనబడ్డాకే సరుకు పోయించుకోండి. పాత తక్కెడ అయితే ముందు పళ్లెంలో తూచి, ఆ తరువాత డబ్బాలో పోయమనండి. కిలో కందిపప్పుకు లీటరున్నర డబ్బా ఉంటే ఇబ్బంది ఉండదు. డబ్బాలు మోయడం బరువనిపిస్తే తాడు ఉన్న గుడ్డ సంచులు తీసుకువెళ్లండి, వాటి బరువు లెక్కలోకి తీసుకోనవసరం లేనంత తక్కువ. దుకాణదారు కాగితంతో పొట్లం కట్టగలిగితే అది అన్నిటికంటే సులువు, ఇంటికి రాగానే డబ్బాలో పోసుకుంటే అయిపోతుంది.

హెచ్చరిక: విడిగా కొన్న పప్పులకు పురుగు త్వరగా పడుతుంది. తేగానే పళ్లెంలో పోసి ఒక పూట ఎండలో పెట్టి, చల్లారాక మాత్రమే డబ్బాలో నింపండి. వేడిగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. రెండు ఎండుమిరపకాయలో, ఎండిన వేపాకు రెబ్బలో వేయండి. ఎక్కువ కాలం నిల్వ ఉంచే కందిపప్పుకు మన పెద్దలు పట్టించే ఆముదం ఇప్పటికీ పనిచేస్తుంది. వండేముందు వేడినీళ్లతో కడిగితే జిడ్డు పోతుంది.

పిండ్లు, కారం, పసుపు ప్యాకెట్లలో కొనే బదులు గోధుమలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు తెచ్చి పిండిమరలో ఆడించుకోండి. ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు మీ కుప్పలో ఎక్కువగా కనబడితే, పిండి రుబ్బి అమ్మే దుకాణానికి స్టీలు గిన్నెతో వెళ్లండి. చాలా చోట్ల పెద్ద పాత్రలో నుంచి తీసి పోస్తారు.

నూనె విషయం వేరు. వంటనూనెను విడిగా అమ్మడం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం, కల్తీకి అవకాశం ఎక్కువ కావడమే దానికి కారణం. కాబట్టి డబ్బా పట్టుకెళ్లి విడి నూనె పోయమని అడగకండి. మీ ఎదుట మీ వేరుశనగలనో నువ్వులనో గానుగ ఆడించి ఇచ్చే చోటు ఉంటే స్టీలు క్యాను తీసుకువెళ్లండి. లేదంటే 15 కిలోల రేకు డబ్బాను రెండు మూడు కుటుంబాలు పంచుకోవచ్చు. అదీ కుదరకపోతే అరడజను లీటరు ప్యాకెట్ల బదులు 5 లీటర్ల క్యాను కొని, ఖాళీ అయ్యాక మొక్కలకు నీళ్లు పోయడానికి వాడండి.

చిల్లర దుకాణమే లేనివారికి మిగిలే మార్గం పెద్ద ప్యాకెట్టు. అరకిలోవి పది కొనే బదులు 5 కిలోలది ఒకటి కొంటే ప్లాస్టిక్ గణనీయంగా తగ్గుతుంది. అయితే ఇది బియ్యానికి, పప్పులకు, ఉప్పుకు మాత్రమే వర్తిస్తుంది. పిండ్లు, మసాలా పొడులు ఎక్కువగా కొని, మక్కిపోయాక పారబోస్తే లాభం ఏమిటి?

6. పాలు, పెరుగు

రోజుకు రెండు ప్యాకెట్లు వాడే ఇంట్లో ఏడాదికి 730 ప్యాకెట్లు తేలతాయి. దగ్గర్లో గేదెలు ఉన్నవారు పాలు పోస్తుంటే గిన్నెతో పోయించుకోవడం ఉత్తమం. ఆ పాలను పొంగు వచ్చేదాకా కాచి తీరాలి. ప్యాకెట్టు పాలే గతి అయితే అరలీటరువి రెండు కాకుండా లీటరుది ఒకటి తీసుకోండి.

ప్యాకెట్టు కత్తిరించే తీరు కూడా మార్చుకోవాలి. మూలను పూర్తిగా కత్తిరించి పడేస్తే ఆ చిన్న ముక్క ఎవరూ ఏరలేని చెత్త అవుతుంది, సింకు గొట్టంలోకో మురుగు కాలువలోకో పోతుంది. మూలను సగానికి పైగా కత్తిరించి, ముక్క ప్యాకెట్టుకే వేలాడేలా వదలండి. ఖాళీ ప్యాకెట్టును నీళ్లతో కడిగి, వంటింటి పలకల గోడకు తడిగా అతికించండి. ఆరగానే అదే రాలిపోతుంది. శుభ్రమైన పాల ప్యాకెట్లను పాత సామాను కొనేవారు తీసుకుంటారు, వాసన కొట్టేవాటిని తీసుకోరు.

పెరుగు మాత్రం ఇంట్లోనే తోడుపెట్టుకోండి. దీనికి మినహాయింపు ఏమీ కనబడటం లేదు.

7. కర్రీ పాయింటు, టిఫిను బండి, మాంసం దుకాణం

పొగలు కక్కే సాంబారును పలుచని కవరులో పోసి, గాలి బిగించి, దారం చుట్టి చేతికిస్తారు. ఇంటికి వచ్చేసరికి ఆ కవరు మెత్తబడి సాగి ఉంటుంది. వారంలో మీరు మార్చగలిగేది ఒకటే అయితే దీన్నే మార్చండి. మూడు గిన్నెల క్యారియరులో అడుగు గిన్నె పులుసుకు, నడిమి గిన్నె కూరకు, పై గిన్నె వేపుడుకు సరిపోతుంది. చట్నీకి మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా విడిగా ఉండాలి, లేకపోతే స్కూటరు మీద ఒలికి మొత్తం సంచి పాడవుతుంది. రద్దీ వేళలో గిన్నెలు అందిస్తే విసుక్కుంటారని చాలామంది సంకోచిస్తారు; మూతలు ముందే తీసి, వరుసలో నిలబడినప్పుడే గిన్నెలు విడదీసి సిద్ధంగా పట్టుకుంటే కవరు కట్టడం కంటే వడ్డించడమే వారికి త్వరగా అవుతుంది. కొలత తగ్గిందని అనుమానం ఉంటే మొదటిసారి మీ గిన్నెలో పట్టే పరిమాణాన్ని ఇంట్లో గ్లాసుతో కొలిచి చూసుకోండి.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. వాటి స్థానంలో కాగితపు కప్పులు వచ్చాయి. కాగితమే కదా అనుకోకండి, ద్రవం కారకుండా వాటి లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 85 నుంచి 90 డిగ్రీల వేడినీటిని అటువంటి కప్పుల్లో 15 నిమిషాలు ఉంచి చూస్తే, 100 మిల్లీలీటర్లకు సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కనబడ్డాయి. ఆఫీసు సొరుగులో ఒక స్టీలు గ్లాసు పెట్టుకోవడం, బండి దగ్గర గాజు గ్లాసులో టీ అడగడం, ఈ రెండూ చాలు.

మాంసం దుకాణానికి కేటాయించిన డబ్బాను తూకానికి ముందే అందించి, ముక్కలు నేరుగా అందులో వేయమనండి. నల్ల కవర్లు ఎక్కువగా రకరకాల పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేసినవి కాబట్టి ఆహారానికి తగినవి కావు. ఇంటికి వచ్చాక డబ్బాను ముందు చన్నీళ్లతో, తరువాత సబ్బుతో, చివర మరిగే నీళ్లతో కడగండి. మొదటే వేడినీళ్లు పోస్తే నీచు వాసన డబ్బాకు పట్టుకుంటుంది.

యాప్‌లో తెప్పించుకునే భోజనానికి మీ గిన్నె పంపలేరు. చెంచాలు, ఫోర్కులు వద్దనే గడిని ఎంచుకోవడం వరకే మీ చేతిలో ఉంటుంది. నడిచి వెళ్లగల దూరంలోని హోటలైతే క్యారియరు పట్టుకుని వెళ్లడమే మంచిది.

8. తాగునీరు

బయటికి వెళ్లేటప్పుడు స్టీలు సీసా తీసుకువెళ్లడం అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. రాగి సీసా వాడేవారు అందులో మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు వంటి పుల్లని ద్రవాలు పోయకూడదు. తిరుమల వెళ్లేవారు సీసా తప్పక తీసుకువెళ్లాలి. కొండమీద దుకాణాల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మరు, గాజు సీసాలో అమ్మి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చాక డిపాజిట్టు వెనక్కి ఇస్తారు.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. ప్లాస్టిక్ తగ్గించాలన్న ఉత్సాహంలో క్యాను నీళ్లు మానేసి బోరు నీళ్లు కాచుకుని తాగడం అన్ని చోట్లా క్షేమం కాదు. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లు ఉన్నాయి. కాచడం వల్ల క్రిములు చస్తాయే గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. నీటి పరీక్ష చేయించకుండా మార్పు చేయకండి. మళ్లీ మళ్లీ నింపే 20 లీటర్ల క్యాను, లీటరు సీసాల కంటే ఎంతో మేలు.

9. స్నానాల గది

ద్రవ సబ్బు బదులు సబ్బు బిళ్ల, గిన్నెలు తోమడానికి ప్లాస్టిక్ పీచు బదులు ఎండిన బీరపీచు లేదా కొబ్బరిపీచు, షాంపూ ప్యాకెట్ల బదులు వీలైనప్పుడు కుంకుడుకాయ. రోజూ కుంకుడుకాయ కొట్టే తీరిక లేనివారు షాంపూ చిన్న ప్యాకెట్లు మాని పెద్ద సీసా కొనండి. నెలసరికి గుడ్డ ప్యాడ్లు గానీ సిలికాన్ కప్పు గానీ వాడదలచినవారు వాటిని శుభ్రం చేసుకోవడానికి తగిన నీరు, ఎండ, ఏకాంతం ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. అవి లేని హాస్టల్ గదుల్లో మామూలు ప్యాడ్లే వాడటంలో తప్పేమీ లేదు.

10. శుభకార్యాలు

ఏడాదంతా జాగ్రత్తపడి ఒక్క గృహప్రవేశంతో ఆ లెక్కనంతా మించిపోవడం తేలిక. అరటి ఆకులు గానీ అడ్డాకు విస్తళ్లు గానీ ముందుగా చెప్పి తెప్పించండి. బఫే కోసం అమ్మే ఆకు ప్లేట్లలో కొన్నిటికి అడుగున గానీ ఆకుకూ అట్టకూ నడుమ గానీ ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొనేముందు ఒక ప్లేటును పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి అంచు దగ్గర చింపి చూడండి, సాగే పొర బయటపడితే ఆ సరుకు వద్దనండి.

నీళ్ల సీసాలకు బదులు కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములు, స్టీలు గ్లాసులు టెంటు హౌస్ నుంచి అద్దెకు తీసుకోవచ్చు. గ్లాసులు కడగడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా మాట్లాడుకోండి. ఈ ఒక్కటి మరచిపోయిన చోట మధ్యాహ్నానికల్లా సీసాల పెట్టెలు దిగుతాయి. పసుపు కుంకుమలను, తాంబూలాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చే అలవాటుకు బదులు నూలు చేతి సంచి ఇస్తే, అదే వచ్చినవారికి కానుక అవుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

దుకాణాల్లో గుడ్డ సంచి పేరిట ఇచ్చే రంగురంగుల సంచులు చాలావరకు గుడ్డ కావు, పాలీప్రొపిలీన్. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి: పడుగు పేకల నేత కనిపిస్తే గుడ్డ, నేత లేకుండా వరుసగా చిన్న చిన్న నొక్కులు కనిపిస్తే ప్లాస్టిక్. ఇంట్లో ఉన్నవాటిని చిరిగేదాకా వాడండి, కొత్తవి తీసుకోకండి.

బయో, ఎకో అని రాసి ఉన్న కవర్లను పెరటి ఎరువు గుంటలో వేయవద్దు. కంపోస్టబుల్, అంటే కుళ్లి ఎరువుగా మారే రకం కవర్లు కూడా సాధారణంగా పెద్ద ఎరువు కేంద్రాల్లో ఉండేంత వేడిలోనే పూర్తిగా కుళ్లుతాయి. కవరు మీద తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం సంఖ్య లేకపోతే అది మామూలు ప్లాస్టికే అనుకోవడం మంచిది.

నీళ్ల పొయ్యి రాజేయడానికి కవర్లు వాడటం పల్లెల్లోనూ పట్టణాల శివార్లలోనూ ఇంకా కనబడుతుంది. ఆ పొగ మొదట చేరేది పొయ్యి ముందు కూర్చున్నవారి ఊపిరితిత్తుల్లోకి. పీవీసీ అనే రకం ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ల వంటి విష పదార్థాలు వెలువడతాయి. కొబ్బరి డొక్కలు, ఎండు ఆకులు ఉండగా దీని అవసరం లేదు.

మిగిలిపోయిన అన్నాన్ని, కూరగాయల తొక్కలను కవరులో ముడివేసి పారేయకండి. ఆవులు కవరుతో సహా తింటాయి, ఆ కవర్లు వాటి పొట్టలో ఉండలు కట్టి మిగిలిపోతాయి. తడి చెత్తను మున్సిపల్ బండికి బుట్టతోనే కుమ్మరించండి. బుట్ట అడుగున వార్తాపత్రిక పరిస్తే కవరు అవసరం ఉండదు.

ఫలితం ఎలా చూసుకోవాలి?

నాలుగో వారంలో మొదటి మెట్టులో చెప్పిన లెక్కను అదే పద్ధతిలో మళ్లీ తీయండి. మూడో నెల చివర ఇంకోసారి. పండుగ ఉన్న వారాన్ని, చుట్టాలు వచ్చిన వారాన్ని ఎంచుకుంటే అంకెలు పోల్చడానికి పనికిరావు.

మొత్తం బరువు కంటే కుప్పలను విడివిడిగా చూడండి. బరువు తగ్గి సంఖ్య తగ్గకపోతే సీసాలు ఆగాయి గానీ కవర్లు ఆగలేదని అర్థం; మూడో మెట్టుకు తిరిగి వెళ్లి సంచులు ఎక్కడ ఉంటున్నాయో చూడండి. సంఖ్య తగ్గి బరువు తగ్గకపోతే ఏదో పెద్ద ప్యాకింగు కొత్తగా వస్తోంది, సాధారణంగా అది ఆన్‌లైన్ సరుకుల నుంచే. మీరు ఎంచుకున్న రెండు కుప్పల్లో ఒక్కటీ తగ్గకపోతే, కొనే మనిషి వేరు, లెక్క తీసే మనిషి వేరు అయి ఉండవచ్చు. బజారుకు వెళ్లేది ఎవరో వారితోనే తదుపరి లెక్క తీయించండి.

రెండు కుప్పలు సగానికి తగ్గాక మూడోది మొదలుపెట్టండి. చిప్సు, బిస్కెట్ల రేపర్లు చివరిదాకా మిగులుతాయి. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి అతికించినవి కావడంతో పాత సామాను కొనేవారు కూడా వాటిని తీసుకోరు. వాటిని పొడి చెత్తలో శుభ్రంగా ఇవ్వడం, వీలైతే ఆ చిరుతిండి కొనడం తగ్గించడం తప్ప వేరే దారి లేదు. మందుల స్ట్రిప్పుల జోలికి మాత్రం వెళ్లకండి. మాత్రలను విప్పి గాజు సీసాలో పోసి పెడితే గడువు తేదీ పోతుంది, తేమ పట్టి మందు గుణం కూడా తగ్గుతుంది.